పిండిమర కాదండీ, మిల్లింగ్ మెషీన్!

ఈ వారం వంట గురించి రాయడం లేదు. "అదేమిటండీ, మాగాయ కొలతలు ఇస్తానని మాటిచ్చారుగా" అని మీరు అడుగుతారని తెలుసు. మాగాయ వచ్చేవారం తప్పకుండా ఇస్తాను. ఈ వారం మాత్రం నా చేతులకు పట్టిన మెషీన్ ఆయిల్ వాసన ఇంకా వదల్లేదు. ఆ సంగతే మీతో చెప్పుకోవాలని ఉంది.

"మిల్లింగ్ మెషీన్ నేర్చుకుంటున్నాను" అని ఫోనులో చెబితే మా తోడికోడలు తెగ సంబరపడింది. "మంచి పని చేస్తున్నావక్కా! మా వీధిలో పిండిమర లేక నానా అవస్థా పడుతున్నాం. కారం కూడా ఆడతారా?" అంది. నాకు నవ్వాగలేదు. కానీ చెప్పొద్దూ, అబ్బాయిది మిల్లింగ్ పని అని పెళ్లిచూపుల్లో చెబితే మా నాన్నగారు కూడా రైసు మిల్లు కాబోలనుకున్నారు!

ఇది పిండి ఆడేది కాదండీ. ఇనుమును చెక్కేది. లేత్ మెషీన్ మీరు చూసే ఉంటారు. అందులో ఇనుప కడ్డీ గిరగిరా తిరుగుతుంది, ఉలి లాంటి పనిముట్టు కదలకుండా నిలబడి దాన్ని చెక్కుతుంది. మిల్లింగ్ లో దీనికి తిరగేసి. పళ్లున్న కట్టర్ తిరుగుతుంది. ఇనుప ముక్క (దాన్ని షెడ్డుల్లో 'జాబ్' అంటారు) బల్లకు బిగించి ఉంటుంది. ఆ బల్లను మనం చక్రాలు తిప్పుతూ కుడికీ ఎడమకీ, ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ జరుపుతాం. గుండ్రటివి లేత్ మీద, పలకలుగా ఉండేవి, గాళ్లు, పళ్లు ఉండేవి మిల్లింగ్ మీద. అంతే తేడా.

మా ఇల్లు బాలానగర్ కు దగ్గర్లో. పెరట్లో రేకుల షెడ్డు, అందులో పాతది కొన్న నిలువు మిల్లింగ్ మెషీన్ ఒకటి. ఇన్నేళ్లుగా మా ఇల్లు దానిమీదే గడిచింది. పిల్లల ఫీజులూ దానివే. నేను మాత్రం షెడ్డులోకి టీ గ్లాసుతో వెళ్లి ఖాళీ గ్లాసుతో వచ్చేదాన్ని తప్ప దాని మీద చెయ్యి వేసి ఎరగను.

భుజం పట్టేసింది

పోయిన శ్రావణంలో మావారికి కుడి భుజం పట్టేసింది. మొదట్లో ఏదో బెణికిందిలే అని కొబ్బరినూనె, కర్పూరం రాశాం. తీరా చొక్కా తొడుక్కోవడానికి కూడా చెయ్యి లేవకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాం. 'ఫ్రోజెన్ షోల్డర్' అన్నారు. షుగర్ ఉన్నవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుందట. తగ్గుతుంది గానీ నెలలు పట్టవచ్చు, ఒక్కోసారి ఏడాది పైనే పట్టవచ్చు అన్నారు. చెప్పిన వ్యాయామాలు చెయ్యాలి, అప్పటిదాకా ఆ చేత్తో బరువు పని పెట్టుకోకూడదు.

మెషీన్ బల్లను పైకెత్తే హ్యాండిల్ ఉంటుంది చూడండీ, అది బావిలోంచి పెద్ద బకెట్టు తోడినట్టే. రోజుకు ఎన్నిసార్లు తిప్పాలో లెక్కుండదు. పనికుర్రాడు అంతకు ముందే ఊరెళ్లి మళ్లీ రాలేదు. చేతిలో 30 షాఫ్టుల ఆర్డరు. ఎన్నో ఏళ్లుగా పని ఇస్తున్న పార్టీ. గడువు రెండు నెలలు. ఇవ్వలేకపోతే వాళ్లు ఇంకో షెడ్డు చూసుకుంటారు, ఒకసారి వెళ్లిన పార్టీ మళ్లీ రాదు.

ఈలోగా పాత మెషీన్లు కొనే మనిషి ఎవరి దగ్గర విన్నాడో, వచ్చి షెడ్డులో నిలబడి ధర చెప్పాడు. మావారు 'ఆలోచించి చెబుతాను' అన్నారు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని కలుపుతున్నారే గానీ ముద్ద ఎత్తలేదు. అప్పుడన్నాను, "నాకు నేర్పండి" అని.

"నీ వల్ల కాదు" అనలేదు ఆయన. "వేళ్లు పోతాయి" అన్నారు. అది నిజమే. అందుకే మొదటి పాఠం వేళ్లు పోకుండా ఎలాగన్నదే అయింది.

గాజులు, పుస్తెలతాడు, పవిటకొంగు

తిరిగే కట్టర్ కు గుడ్డ తగిలితే లాక్కుంటుంది. వదలదు. చీర పనికిరాదు. చున్నీ పనికిరాదు. పాత పంజాబీ డ్రెస్సు ఒకటి చేతులు మోచేతి పైకి కుట్టించుకున్నాను. జడ ముడి వేసి రుమాలు కట్టాలి. చేతికి తొడుగులు వేసుకుంటే మంచిదేమో అనుకుంటాం, కానీ తిరిగే కట్టర్ దగ్గర తొడుగులే ప్రమాదం, వేలితో సహా లాగేస్తాయి. కళ్లకు అద్దాలు తప్పనిసరి. వేడి ఇనుప పొట్టు ఎగిరి పడుతుంది.

గాజులు, ఉంగరం, పుస్తెలతాడు కూడా తియ్యాలి. మా అత్తయ్యకు ప్రాణం పోయినంత పనైంది. "మంచి పనే నేర్పుతున్నాడు నా కొడుకు! ముత్తయిదువు మెడ బోసిగా పెట్టుకుని ఇనుము కోస్తుందిటనా?" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. నేనూ కాస్త వెనకాడాను. మావారే చెప్పారు, "అమ్మా, ఆ గొలుసు మెషీన్లో పడితే మెడే ఉండదు" అని. ఇప్పుడు షెడ్డుకు వెళ్లేముందు పుస్తెలు దేవుడి గూట్లో పెట్టి వెళతాను. తిరిగి రాగానే అత్తయ్యే తీసి నా చేతికిస్తుంది. ఒక్కరోజు కూడా మరిచిపోలేదావిడ.

"కొంచెం" అంటే ఎంత?

మొదటి వారం మెషీన్ కు కరెంటే పెట్టనివ్వలేదు. ఆయన స్టూలు మీద కూర్చునేవారు. నేను చక్రాలు తిప్పేదాన్ని. మా మెషీన్లో బల్లను జరిపే చక్రం ఒక చుట్టు తిరిగితే బల్ల 5 మిల్లీమీటర్లు జరుగుతుంది. చక్రం అంచున 100 గీతలున్నాయి. అంటే ఒక్కో గీతా 0.05 మిల్లీమీటరు. బల్లను పైకెత్తేదాంట్లో ఒక చుట్టుకు 2 మిల్లీమీటర్లు, అక్కడ ఒక్కో గీతా 0.02. మన తలవెంట్రుక ఒకటి మందం చూస్తే ఇలాంటి గీతలు మూడో నాలుగో ఉంటాయి! పులుసులో ఉప్పు చూసే నాలుకకు కూడా అంత తేడా తెలియదనుకుంటాను.

రెండో వారం నుంచి అసలు గొడవ మొదలైంది. అల్యూమినియం ముక్క ఒకటి బిగించి కోయమన్నారు.

"కొంచెం ఎత్తు" అనేవారు.

"కొంచెం అంటే ఎంతండీ?"

"కొంచెమే. చేతికి తెలుస్తుంది."

"మీ చేతికి తెలుస్తుంది. నా చేతికెలా తెలుస్తుంది?"

ఆయనకు చిరాకు, నాకు ఏడుపు. ఒకరోజు మధ్యలో వదిలేసి వంటింట్లోకి వచ్చేశాను. అలమరలో నా పచ్చళ్ల నోటుబుక్కు కనబడింది. కాపరానికి వచ్చిన కొత్తలో మా అత్తయ్యను ఆవకాయ నేర్పమంటే "ఉప్పు సరిపడా, కారం తగినంత" అనేది. సరిపడా అంటే ఎంత? ఆవిడకే తెలియదు, ఆవిడ చేతికి తెలుసు. అప్పుడు నేనేం చేశానంటే, ఆవిడ గుప్పెటతో తీసినప్పుడల్లా ఆ ఉప్పును గిన్నెలో పోయించి కొలిచి రాసుకున్నాను. ఇవాళ మీకు నేనిచ్చే కొలతలన్నీ అలా వచ్చినవే.

ఆ నోటుబుక్కే పట్టుకుని మళ్లీ షెడ్డులోకి వెళ్లాను. "మీరు ఎడంచేత్తో ఒక్కసారి చేసి చూపించండి, నేను గీతలు లెక్కపెడతాను" అన్నాను. ఆయన 'కొంచెం' అన్నది 25 గీతలని తేలింది. అంటే అర మిల్లీమీటరు. "ఓహో, నేనంత పెడతానా?" అని ఆయనే ఆశ్చర్యపోయారు. అప్పటినుంచి ఆయన నోటి నుంచి 'కొంచెం', 'సరిపడా', 'అందాజుగా' అన్న మాట వస్తే నేను పెన్ను తీసేదాన్ని. ఆవకాయ పేజీకి అవతలి వైపునే కట్టర్ లెక్కలు చేరాయి.

వాటిల్లో మొదటిది వేగం లెక్క. కట్టర్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో ఆయన చప్పుడు విని చెప్పేవారు. లెక్క ఏదైనా ఉందా అంటే, అప్రెంటిస్ గా ఉన్నప్పుడు ఉస్తాద్ చెప్పింది గుర్తు చేసుకున్నారు. 318 ని లోహానికి తగిన వేగంతో హెచ్చవేసి, కట్టర్ మందం ఎన్ని మిల్లీమీటర్లో దాంతో భాగించాలి. మేం కోసే షాఫ్టు ఉక్కుకు, మామూలు హైస్పీడ్ స్టీల్ కట్టర్ తో అయితే, నిమిషానికి 20 మీటర్లు తీసుకోవచ్చు. కట్టర్ 8 మిల్లీమీటర్లు. 318 ఇంటూ 20, బై 8. దగ్గర దగ్గర 795 చుట్లు. మెషీన్ మీద ఆ అంకె లేకపోతే దానికి దిగువన ఉన్న వేగం పెట్టుకోవాలి. అల్యూమినియం మెత్తన కాబట్టి దానికి ఇంకా ఎక్కువ వేగం. కట్టర్ పెద్దదయ్యేకొద్దీ వేగం తగ్గాలి. ఇంటర్లో లెక్కలంటే భయపడ్డ నేను ఇది నోటికి చెబుతున్నానంటే మీరూ చెప్పగలరు.

రెండోది చూపు, చెవి. పొట్టు వెండిలా తెల్లగా రావాలి. లేత గోధుమ రంగు అయితే ఫరవాలేదు. ఈ రకం కట్టర్ తో నీలంగా వస్తే తాలింపు మాడినట్టే, కట్టర్ పదును పోతుంది. కీచుమని అరిస్తే వేగం తగ్గించాలి, లేదా బిగింపు వదులైందేమో చూడాలి.

మూడోది కూలెంటు. కోసేచోట చల్లగా ఉండటానికి నీళ్లలో కలిసే నూనె ఒకటి పోస్తారు. 20 పాళ్ల నీళ్లకు ఒక పాలు నూనె. నూనెలో నీళ్లు పోస్తే విరిగినట్టయి సరిగా కలవదు. నీళ్లలో నూనె పోస్తూ కలపాలి. అప్పుడు పాలలా తెల్లగా వస్తుంది. ఇది మాత్రం ఆయన కంటే నేనే బాగా కలుపుతాను, ఆయనే ఒప్పుకున్నారు.

లాక్కుపోయిన ముక్క

ఒకరోజు నా అంతట నేనే అల్యూమినియం ముక్క అంచు కోస్తున్నాను. ధైర్యం వచ్చేసిందిగా! బల్లను అటు బదులు ఇటు తిప్పాను. ఒక్క ఉదుటున కట్టర్ ముక్కను తనవైపు లాక్కుంది. టంగుమని చప్పుడు, వైస్ లో ముక్క వంకరైంది, కట్టర్ రెండు ముక్కలు. నాకేం కాలేదు గానీ మోకాళ్లు వణికి అక్కడే కూలబడ్డాను.

సంగతేమిటంటే, కట్టర్ పళ్లు ఏవైపు వస్తున్నాయో దానికి ఎదురుగా మనం ముక్కను నెట్టాలి. అప్పుడు అది మన చెయ్యి తిప్పినంతే కోస్తుంది. పళ్లు పోయే దిక్కుకే మనమూ నెడితే ముక్కను తనే లాక్కుంటుంది. బల్ల మరలో కాస్త వదులు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఆ వదులు మేరకు బల్ల ఒక్కసారి ముందుకు ఉరుకుతుంది. మరలో వదులు లేని కొత్తరకం కంప్యూటర్ మెషీన్లలో కావాలనే అలా కోస్తారు, నునుపు బాగా వస్తుంది. మన పాత మెషీన్ల మీద, నేర్చుకునేవాళ్లు మాత్రం ఎప్పుడూ ఎదురే నెట్టాలి. చిన్న బాణం గుర్తు చాక్ పీసుతో బల్ల మీద గీసుకుని మరీ మొదలుపెడతాను నేను. ఇప్పటికీ.

30 షాఫ్టులు

ఇక ఆర్డరు సంగతి. నవ్వొచ్చే విషయమేమిటంటే అవి పిండిమరల షాఫ్టులే! షాఫ్టు తిరిగితే దానిమీద పుల్లీ కూడా జారకుండా తిరగాలి కదా. రెండింటికీ మధ్య చిన్న ఇనుప చెక్క ఒకటి కూర్చుంటుంది. అదే కీ. అది కూర్చునే గాడిని కీవే అంటారు. ఆ గాడి కోయడమే మన పని.

షాఫ్టు 25 మిల్లీమీటర్లది. దానికి కీ 8 వెడల్పు, 7 ఎత్తు. షాఫ్టులో గాడి లోతు 4, పుల్లీలో 3.3. రెండూ కలిపితే కీ ఎత్తు కంటే 0.3 ఎక్కువ. ఆ మాత్రం సందు పైన ఉండాలి, పక్కల మాత్రం వదులుండకూడదు. ఇవి ఎవరో అనుకున్నవి కావు, ఈ మందం షాఫ్టుకు ఇంత కీ అని పట్టికలే ఉన్నాయి.

గుండ్రటి షాఫ్టును కదలకుండా పట్టుకోవడానికి 'వి' ఆకారపు దిమ్మలు రెండు బల్లకు బిగించాం. అవి బల్లకు సరిగ్గా సమంగా ఉన్నాయా అని డయల్ గేజ్ ముల్లును షాఫ్టు పొడవునా నడిపించి చూశాం. దీనికే ఒక పూట పట్టింది. నాకు విసుగొచ్చింది. "కోసేది పది నిమిషాలు, బిగించేది పూటంతా. మిల్లింగ్ అంటే ఇదే" అన్నారు ఆయన. ఆలోచిస్తే మనకు తెలియనిదేం కాదు. పిండివంట చేసేది గంట, ముందు ఏరడం, కడగడం, నానబెట్టడం ఎంతసేపు?

గాడి సరిగ్గా నడినెత్తిన రావాలి. దానికి ఎడ్జ్ ఫైండర్ అని చిన్న పనిముట్టు. దాని కొన ముందు బొంగరంలా ఊగుతుంది. షాఫ్టు పక్కకు దగ్గరయ్యేకొద్దీ ఊగడం తగ్గి నిలకడైపోయి, సరిగ్గా తగలగానే చటుక్కున పక్కకు జారుతుంది. అక్కడ చక్రం సున్నా దగ్గర పెట్టుకోవాలి. బల్లను దింపి, షాఫ్టులో సగం 12.5, ఫైండర్ కొనలో సగం 5, మొత్తం 17.5 మిల్లీమీటర్లు జరపాలి. అంటే 3 చుట్లు, 50 గీతలు.

నేను 3 చుట్లు తిప్పాను, 50వ గీత కాస్త దాటిపోయింది. వెనక్కి తిప్పి 50 దగ్గరే ఆపాను. బల్లకు బిగింపు వేసి, రెండు పళ్ల కట్టర్ తో ఒక్కోసారి ఒక మిల్లీమీటరు చొప్పున నాలుగుసార్లు కోశాను. గాడి ఎంత నునుపుగా వచ్చిందంటే మురిసిపోయాను. కొలిచి చూస్తే నడిమధ్య నుంచి 0.3 పక్కకు ఉంది!

"గీత సరిగ్గానే ఉందండీ" అని ఏడ్చినంత పనిచేశాను. గీత సరిగ్గానే ఉంది. కానీ వెనక్కి తిప్పినప్పుడు చక్రమే తిరిగింది, మరలో ఉన్న వదులు వల్ల బల్ల కదల్లేదు. అందుకే గీత దాటితే బాగా వెనక్కి, ఒక అర చుట్టు దాకా వచ్చేసి, మళ్లీ మొదట వచ్చిన వైపు నుంచే గీతకు చేరాలి. ఇప్పుడు బల్ల ఎంత జరిగిందో నేరుగా అంకెల్లో చూపించే పెట్టెలు వచ్చాయి, అవి బిగించుకున్నవాళ్లకు ఈ బాధ లేదు. మాకు గీతలే దిక్కు.

పాడైన షాఫ్టు మా ఖర్చే. ఆయన కోప్పడతారనుకున్నాను. "నేను మొదటి నెలలో నాలుగు పాడుచేశాను, ఉస్తాద్ జీతంలో పట్టుకున్నాడు" అన్నారు. ఇన్నేళ్ల కాపరంలో ఈ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, నేనెప్పుడూ అడగలేదు మరి.

రెండో షాఫ్టు కుదిరింది. లోతు సరిపోయిందో లేదో చూడటానికి గాడి అడుగు నుంచి షాఫ్టు అవతలి వైపుకు కొలవాలి. 25 లోంచి 4 పోతే 21 రావాలి. వచ్చింది. ఒకసారి నడుమ దొరికాక దిమ్మలు కదపకపోతే మిగతా అన్నింటికీ అదే నడుమ. మొదటిరోజు రెండు, తరువాత రోజుకు నాలుగు, అయిదు. పొద్దున్న వంట ముగించుకుని వెళితే మధ్యాహ్నం దాకా. అంచులు ఆకురాయితో నున్నగా చేసి, కీ కూర్చోబెట్టి చూసే పని ఆయనది, ఎడంచేత్తో. పొయ్యి మీద పప్పు దింపే పని కూడా అప్పుడప్పుడూ ఆయనదే.

గడువుకు ఆరు రోజుల ముందే 30 షాఫ్టులూ అయ్యాయి. పార్టీ వచ్చి నాలుగింటికి కీ పెట్టి చూశాడు. బాగున్నాయన్నాడు. "చెయ్యి తగ్గిందా?" అని మావారిని అడిగాడు. "లేదు, ఇవి మా ఆవిడ చేసింది" అన్నారు ఆయన. ఆ మనిషి ఏమీ మాట్లాడకుండా మిగతా 26 కూడా ఒక్కొక్కటీ తీసి చూశాడు! నాకు లోపల మండింది గానీ ఊరుకున్నాను. అన్నీ చూశాక డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, వచ్చే నెల మరో 20 పంపుతానన్నాడు. మెషీన్ కొనడానికి వచ్చిన మనిషికి మావారే ఫోను చేసి వద్దని చెప్పారు.

మీరు నేర్చుకోవాలంటే

నేనేదో గొప్ప మెషినిస్టునైపోయానని రాయడం లేదు. పళ్లచక్రాలు కోయడం ఇంకా రాదు. దానికి డివైడింగ్ హెడ్ అని వేరే ఉంటుంది, దాని పిడి 40 చుట్లు తిప్పితే ముక్క ఒక చుట్టు తిరుగుతుంది. 20 పళ్లు కావాలంటే పంటికి రెండు చుట్లు. ఇప్పుడు ఆ పాఠం నడుస్తోంది.

ఇంట్లో మెషీన్ పెట్టుకోవాలనుకునేవాళ్లు ముందు కరెంటు చూసుకోండి. పెద్ద మెషీన్ల మోటార్లు చాలావరకు త్రీఫేజ్ వి, మన ఇళ్లలో సాధారణంగా సింగిల్ ఫేజ్. తెలిసిన ఎలక్ట్రీషియన్ తో ఎర్తింగ్ సహా సరిగా చేయించకుండా స్విచ్ వెయ్యకండి. మీ ఆడపిల్లలకు ఈ పని మీద ఇష్టం ఉంటే ఐ.టి.ఐ.లో మెషినిస్ట్ ట్రేడ్ రెండేళ్ల కోర్సు ఉంది. మా బాలానగర్ లోనే 1968లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, అక్కడ టూల్ రూమ్ పనులు పద్ధతిగా నేర్పుతారు. నాలా కన్నీళ్లు పెట్టుకుంటూ నేర్చుకోనక్కర్లేదు.

నా నోటుబుక్కులోంచి కొన్ని:

• స్విచ్ వేసేముందు కట్టర్ బిగించిన పానా తీశామా లేదా చూడాలి. పానా మెషీన్ మీద వదిలేసి స్విచ్ వేస్తే అది తూటాలా వస్తుంది.

• కట్టర్ పూర్తిగా ఆగాకే కొలవాలి, ఆగాకే తుడవాలి.

• పొట్టును చేత్తో తియ్యొద్దు. బ్రష్షు వాడాలి. బ్లేడు కంటే పదునుగా ఉంటుంది.

• మధ్య దాకా పదును లేని కట్టర్ ను నిలువుగా దింపొద్దు, విరుగుతుంది. గాడికి రెండు పళ్ల కట్టర్ మేలు.

• గీతకు ఎప్పుడూ ఒకే వైపు నుంచి చేరాలి.

• నిద్ర సరిగా లేనిరోజు, ఇంట్లో మాటామాటా అనుకున్న రోజు మెషీన్ ముట్టుకోవద్దు.

చివరిగా ఒక మాట. మీ ఇంట్లో ఒక్కరికే తెలిసిన పని ఏదో ఒకటి ఉంటుంది. మావారికి మిల్లింగ్, నాకు పచ్చళ్లు. మీ ఇంట్లో అది బ్యాంకు కాగితాలు కావచ్చు, పాలవాడి లెక్క కావచ్చు, మోటారు బాగుచెయ్యడం కావచ్చు. ఆ ఒక్కరికీ భుజం పట్టేస్తే ఆ పని ఆగిపోతుంది, ఇల్లూ ఆగిపోతుంది. చేతికి తెలిసింది కాగితం మీదికి రావాలి. 'కొంచెం' అన్నచోట ఎంతో అడిగి రాసుకోండి. అడిగినప్పుడు వాళ్లకు చిరాకొస్తుంది, మీకు ఏడుపొస్తుంది. అయినా అడగండి.

మావారు ఇప్పుడు భుజం కాస్త పైకెత్తగలుగుతున్నారు. నిన్న నా నోటుబుక్కు తెరిచి ఆయనే ఒక పేజీ రాశారు, ఎడంచేత్తో, కుదురులేని అక్షరాలతో. డివైడింగ్ హెడ్ లెక్కలు. దానికి ముందు పేజీలో ఉన్నది మాగాయ కొలతలు. వచ్చేవారం మీకిచ్చేది ఆ పేజీయే.